సంతకం పెట్టని అక్క

తిరుపతి, అలిపిరి రోడ్డు,
అక్టోబరు 9

అక్కకు, నీ మంచం మీద నుంచే నమస్కారం.

నువ్వు మన ఊరు చేరి నాలుగు రోజులైంది. నేలతల్లి నిన్ను గుర్తుపట్టిందా? పట్టే ఉంటుంది. ఏడాదికోసారి కారు దిగి, చెప్పులు విప్పి, పిడికెడు మట్టి పట్టుకుని ఫొటో దిగి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయే మనిషిని ఏ నేల మర్చిపోతుంది?

ఫోన్లుండగా ఈ ఉత్తరాలేమిటని గిరిప్రసాద్ బావ ఒకటే నవ్వు. కాలు విరిగిన బామ్మర్ది తన ఇంట్లో, తన పెళ్ళాం బామ్మర్ది పొలంలో ఉండటమే ఆయనకు పెద్ద తమాషా. నా తొడ ఎముకకు రాడ్ వేసిన మర్నాడు మనిద్దరం ఫోన్‌లో అరుచుకుంటే, నర్సమ్మ నన్ను మంచంతో సహా వరండాలోకి తోయిస్తానన్న సంగతి ఆయనకు తెలియదు. అప్పుడే కదా నా భార్య రేవతి తీర్పు చెప్పింది. "ఇంగ మీ ఇద్దురూ ఫోన్లో మాట్లాడినారంటే రెండు ఫోన్లూ బాయిలో ఏస్తా. చెప్పుకోవాల్సింది కాయితమ్మీద రాసుకోండి. రాసేటప్పుడన్నా నోర్లు మూసుకోనుంటారు."

కాబట్టి ఇదీ ఏర్పాటు. రోజూ పొద్దున ఊరి నుంచి తిరుచానూరులోని సుందరరాజు పూల అంగడికి మన బుట్టలు వస్తాయి కదా, వాటిలో నీ ఉత్తరం వేయి. తిరిగి వెళ్ళే ఖాళీ బుట్టల్లో నా ఉత్తరం వస్తుంది. బావ వెళ్ళి తెచ్చిపెడతాడు.

ఎనిమిది మంది రోగుల ముందు నువ్వు చేసిన ప్రతిజ్ఞ నాకింకా చెవుల్లో ఉంది. "నేను రిటైరయ్యాను, నీ కాలు బాగయ్యే ఆరు నెలలూ తోట నేను చూసుకుంటాను, నేలతో నాకున్న బంధం నీకేం తెలుసు" అన్నావు. నిజమే, నాకేం తెలుసు. మోటారు దగ్గర జారిపడినవాణ్ణి.

చామంతి, కనకాంబరాలు కోతకు ఉన్నాయి. తాయమ్మ మన తోటలో పాతికేళ్ళుగా పూలు కోస్తోంది, ఆమె చెప్పినట్టు విను. హెడ్మిస్ట్రెస్‌వని ఆమెకు తెలియదు, తెలిసినా లెక్కచేయదు. అమ్మ నాటిన మల్లెతోట జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు.

విశ్రాంతితో విసిగిపోయిన తమ్ముడు,
గుణశేఖర్


నెల్లిమానుపల్లె, ఏర్పేడు మండలం,
అక్టోబరు 21

శేఖర్‌కు అక్క ఆశీస్సులు.

ఆ డాక్టరు రాడ్ తొడలో కాకుండా నీ నాలుకకు వేసి ఉంటే రెండు కుటుంబాలు సుఖపడేవి.

మొదటిరోజు చామంతులు నేనే కోశాను. జానెడు కాడలతో, ఆకులతో, ఎంత అందంగా కోశానో! తాయమ్మ బుట్టలోకి తొంగి చూసి, "అమ్మణ్ణీ, ఇది కలెక్టరుకిచ్చే బొకే కాదు. తలకాయ మాత్తరం గిల్లు. కాడ కోస్తే రేపు పుయ్యాల్సిన మొగ్గలు కూడా పాయె" అంది. గంటలో ఆమెకు నాలుగు బుట్టలు, నాకు అరబుట్ట. ఊరుకోలేక, ఆకు ఎండను తిని మొక్కకు అన్నం వండిపెడుతుందని పాఠం చెప్పాను. "ఎండను మనమూ తింటాండాము గదమ్మణ్ణీ, మనమెందుకు పూసేదిల్యా?" అంది. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న. 

ఫొటో దిగి చేతులు కడుక్కుంటానని రాశావు. ఇప్పుడు కనకాంబరం ఆకు పసరు గోళ్ళలో దిగి, ఎంత కడిగినా పోవడం లేదు. సంతోషమా?

ఒక సంగతి. జోలికి పోవద్దన్నావు కానీ, అమ్మ మల్లెతోటను చూడకుండా ఎలా ఉంటాను? మూడో సాలులో మోకాలంత రాయి ఒకటి పాతి ఉంది. ఎర్రరంగుతో నాలుగు అంకె వేసి ఉంది. దానికి తగిలి బొటనవేలు గోరు లేచింది. ఏమిటది?

మా బాల్కనీలో కుండీలు పద్నాలుగు. రెండు పూటలా నీళ్ళు పొయ్యి. ముఖ్యంగా అమ్మ మల్లె. అమ్మ పోయిన ఏడు ఈ తోట నుంచే అంటు తెచ్చి పెట్టుకున్నాను. పదకొండేళ్ళుగా ఒక్క పువ్వూ పూయలేదు. పూయకపోయినా ఫరవాలేదు, దాన్ని చూస్తే నాకు అమ్మను చూసినట్టుంటుంది.

నడుము పట్టుకుని కూర్చున్న నీ అక్క,
సుజన


తిరుపతి,
నవంబరు 6

అక్కకు,

రాయి సంగతి అడిగావు. అది కొండముచ్చుల కోసం. ఎర్రరంగు చూస్తే దగ్గరికి రావని ఎవరో చెబితే పాతించాను. గోరు లేచినందుకు విచారిస్తున్నాను. అందుకే తోట జోలికి పోవద్దన్నది.

నీ కుండీలను దర్శించాను. పదమూడు బాగానే ఉన్నాయి. పద్నాలుగోది, మన అమ్మ మల్లె, బాల్కనీ కమ్మీలు పట్టుకుని పైఅంతస్తుకు పాకే ప్రయత్నంలో ఉంది. ఆకు చూస్తే తమలపాకంత ఉంది. పువ్వు మాత్రం లేదు. పదకొండేళ్ళు రెండు పూటలా నీళ్ళు, ఆదివారం కోడిగుడ్డు పెంకులు, పుట్టినరోజుకు పొగడ్త. పాపం, దానికి పూయాల్సిన అవసరం ఎక్కడుంది? దాని సంగతి నేను చూసుకుంటాను. ఎలాగని అడగొద్దు.

బావ రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాకు చదివి వినిపిస్తున్నాడు. విరిగింది నా కాలు, కళ్ళు కావని రెండుసార్లు చెప్పాను. మీ పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి నీ మీద నాకు జాలి కలిగింది.

చామంతి తలలు ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయని సుందరరాజు చెప్పాడట. మెచ్చుకున్నాననుకోకు, సమాచారం ఇస్తున్నానంతే.

గుణశేఖర్


నెల్లిమానుపల్లె,
నవంబరు 28

శేఖర్‌కు,

ఆరు రోజులు ఒకటే వాన. చామంతి సగం కుళ్ళింది. రేవతి, నేను, తాయమ్మ గోనెపట్టాలు తలమీద వేసుకుని కాలువలు తీశాం. నేను రెండుసార్లు పడ్డాను. నా ఎముకలకేమీ కాలేదు. ఈ నేలకు ఆడపడుచంటే కాస్త మర్యాద ఉన్నట్టుంది.

వాన నిలిచాక తోటంతా తిరిగాను. మూడో సాలులో నాలుగో నంబరు రాయి ఉందని చెప్పాను కదా. ఇప్పుడు ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్నీ దొరికాయి. తోట నాలుగు మూలలా ఉన్నాయి, మధ్యలో వరసగా ఉన్నాయి. ఒకటి సరిగ్గా అమ్మ మొదటి అంటు నాటిన చోట ఉంది.

కొండముచ్చులకు అంకెలు కూడా వచ్చా నాయనా? ఏ స్కూల్లో చదివాయి?

తాయమ్మను అడిగితే, "నాకేం తెల్సమ్మణ్ణీ, నేను పూలు సూస్తాను గానీ రాళ్ళు సూస్తానా" అని బుట్ట తీసుకుని అవతలి సాలుకు పోయింది. రేవతిని అడిగితే ఆవుకు దాణా పెట్టాలంది. అప్పటికే పెట్టేసింది, నేను చూశాను.

ఒరే, చిన్నప్పుడు నువ్వు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడేవి. ఉత్తరంలో చెవులు కనబడవని ధైర్యమా?

సుజన


తిరుపతి,
డిసెంబరు 24

అక్కకు,

ఆలస్యంగా రాస్తున్నాను. నాలుగు కాళ్ళ స్టాండుతో నడక నేర్చుకుంటున్నాను. ఫిజియోథెరపీ పిల్ల నన్ను 'తాతా' అంటోంది. యాభై ఏడేళ్ళకే మనవరాలు దొరికింది.

ఈమధ్య నేనే ఆటోలో తిరుచానూరు పోయి సుందరరాజు అంగట్లో కూర్చుంటున్నాను. నిన్న ఒక కుటుంబం కొండ దిగి అమ్మవారి దర్శనానికి వచ్చింది. మొగుడు, పెళ్ళాం ఇద్దరూ గుండు కొట్టించుకుని ఉన్నారు. ఆమె మన కనకాంబరాలే, మూర కొనింది. చెయ్యి తలదాకా పోయి ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఆ తర్వాత పూలు మణికట్టుకు చుట్టుకుని, వాసన లేని ఆ పూలనే వాసన చూసుకుంటూ గుడికి పోయింది. ఇన్నేళ్ళలో నా పూలు ఎవరు పెట్టుకుంటారో నేను చూడటం అదే మొదటిసారి. అవి మా తోటవమ్మా అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఏం చెబుతాం, పిచ్చివాడనుకుంటారు.

రాళ్ళ గురించి తర్వాత మాట్లాడుకుందాం.

వానలు పోయాయి కదా. మల్లెకు నీళ్ళు ఆపేయి. నేను చెప్పేదాకా చుక్క పోనివ్వొద్దు. ఎందుకని అడగొద్దు, నీ బయాలజీ పుస్తకంలో ఉండదు.

గుణశేఖర్


నెల్లిమానుపల్లె,
జనవరి 8

గుణశేఖర్ గారికి,

మోటారు షెడ్డులో గేటు వాల్వు తాళంచెవి కోసం వెతుకుతుంటే, ఖాళీ ఎరువుల సంచి కింద అగ్రిమెంటు దొరికింది. తోట మొత్తాన్ని ప్లాట్ల కింద ఇవ్వడానికి. మీ సంతకం ఉంది, ఎంత ముత్యాలకోవలా పెట్టారు! నా పేరు దగ్గర మాత్రం ఖాళీ. ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడతానేమోనని పెన్సిల్‌తో ఇంటూ గుర్తు కూడా పెట్టారు. ఎంత శ్రద్ధ.

కాయితం చూపించాక తాయమ్మ నోరు విప్పింది. "మోటారు కాడ యాడ పడినాడమ్మణ్ణీ! కొలిసేవోళ్ళు వచ్చినారు. శేఖరప్ప టేపు కొస పట్టుకోని ఎనక్కి ఎనక్కి పోయినాడు. కాలవుండాదప్పా అని అరస్తానే ఉండాను. ఇనలా. ఎల్లకిలా పడినాడు."

నాయన ఈ తోట మనిద్దరి పేరున రాసింది ఒకరికి తెలియకుండా ఒకరు అమ్ముకోవడానికా? నేను పొలానికి వస్తానంటే నువ్వు ఎదురు చెప్పకుండా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. పది రోజులు బురద తొక్కితే అక్క నడుము విరిగి, తనే సంతకం పెడుతుందనుకున్నావు. అవునా, కాదా?

మల్లెకు నీళ్ళు ఎందుకు ఆపమన్నావో కూడా ఇప్పుడు అర్థమైంది. తోట ఎండిపోతే అమ్మడం తేలిక. రెండు వారాలు నీ మాట విన్నాను. ఆకులన్నీ తలలు వేలాడేసి నన్నే చూస్తున్నాయి. నిన్న వాల్వు తిప్పాను. మూడు గంటలు పారించాను. 'నా బిడ్డల దాహం తీర్చాను' అని ఫేస్‌బుక్‌లో స్టేటస్ పెట్టాను. చూసుకో.

సుజన


తిరుపతి,
జనవరి 10

అక్కకు,

చూశాను. బావ ఫోన్ తెచ్చి మరీ చూపించాడు. పైపు పట్టుకుని నువ్వు, వెనక తోట, కింద చేతులు జోడించిన బొమ్మలు ముప్పై. మీ స్కూలు లెక్కల మాస్టారు 'మీరు మహాతల్లి మేడం' అని రాశాడు.

మహాతల్లీ, మల్లెను ఏటా ఈ రోజుల్లో ఎండగడతారు. ఆకు వాలేదాకా నీళ్ళు ఆపి, ఆ ఆకంతా దూసేసి, మోకాటి ఎత్తుకు కొమ్మ కత్తిరించి, అప్పుడు ఎరువు వేసి తడి ఇస్తే ఒళ్ళంతా మొగ్గ తొడుగుతుంది. నీళ్ళు పోస్తూ పోతే ఆకే వస్తుంది. అమ్మ ప్రతి ఏడూ చేసేది. నువ్వప్పుడు హాస్టల్లో కూర్చుని బయాలజీ చదువుతున్నావు. నీ కుండీ ఇన్నేళ్ళూ పూయనిది అందుకే. దానికి నేను డిసెంబరులోనే నీళ్ళు ఆపి, ఆకు దూసి, కత్తిరించాను. నీ మీద పగ చెట్టు మీద తీర్చుకుంటున్నానని బావ మూడు రోజులు పేపరు చదివి వినిపించలేదు. ఆ మూడు రోజులే నా కాలు బాగా కోలుకుంది.

ఇప్పుడు నువ్వు తోటను మళ్ళీ మొదటినుంచి ఎండగట్టాలి. కాపు నెల వెనక్కి పోయింది. తోట అమ్మేవాణ్ణి నేనే కదా? మరి నాకెందుకింత కడుపుమంట? అదీ అర్థం కావడం లేదు.

రాళ్ళ సంగతి తాయమ్మ చెప్పింది నిజం. నువ్వు నడుము విరిగి సంతకం పెడతావనుకున్నది కూడా నిజం. నా పొలం నేనే కొలిపిస్తూ, నా కాలువలో నేనే పడ్డాను. ఇంతకు మించిన వెటకారం నాకు కూడా చేతకాదు.

ఎందుకమ్ముతున్నావని నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. నీకు బి.ఎడ్ సీటు వచ్చిన వేసవిలోనే నాయనకు పక్షవాతం వచ్చింది. నేను అప్పుడే ఇంటర్ పాసై, కాళహస్తికి పోయి డిగ్రీ అప్లికేషన్ తెచ్చుకున్నాను. చదవొద్దని ఎవరూ అనలేదు. చదవమని కూడా ఎవరూ అనలేదు. ఒక పొద్దున అమ్మ కోతబుట్ట నా చేతికిచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళయింది, ఆ బుట్ట కింద పెట్టలేదు. ఈ పని నీకిష్టమేనా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మా లోహితను నేను అడిగాను. వద్దు నాన్నా అని చెన్నైలో ఉద్యోగానికి పోయింది. వద్దన్నందుకు బాధ లేదు, దాన్ని అడగగలిగానని సంతోషమే.

నాకు నేల మీద కోపం లేదక్కా. నేలతో బంధం అని నువ్వు అన్నప్పుడల్లా నాకు మండేది. ఆ బంధం కట్టింది నా కాళ్ళకు, ఫొటోలో నవ్వేది నువ్వు. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

తమ్ముడు


తిరుపతి,
జనవరి 31

అక్కకు,

మూడు వారాలుగా బుట్టల్లో పూలు మాత్రమే వస్తున్నాయి. అడుగుదాకా తడిమి చూస్తున్నాను. ఉత్తరం కోసం కాదులే, చామంతి కుళ్ళిందేమోనని.

కుళ్ళలేదు. చిన్నవి వేరు, పెద్దవి వేరు చేసి తడిగుడ్డ కప్పి పంపిస్తున్నారు. తాయమ్మ ఎప్పుడూ అలా వేరు చేయదు, రేవతికి తీరిక ఉండదు. "ఎవురప్పా ఇంత బాగా యేరుతుండేది?" అని సుందరరాజు అడిగాడు. మా అక్క అని చెప్పాను.

శేఖర్


నెల్లిమానుపల్లె,
ఫిబ్రవరి 16

శేఖర్‌కు,

నెల రోజులు చుక్క నీరు పారించలేదు. ఆకు వాలింది. దూశాం. రేవతి, తాయమ్మ, నేను నాలుగు రోజులు కత్తిరించాం. మొదటి కొమ్మ దగ్గర కత్తెర పట్టుకుని పావుగంట నిలబడిపోయాను. "కొయ్యమ్మణ్ణీ, దానికి నొప్పిల్యా, నీకే" అంది తాయమ్మ. ఇప్పుడు తోట చూస్తే మోళ్ళు మాత్రమే. ఎరువు వేసి తడి ఇచ్చాం. ఫొటో తీయలేదు.

ఆ వేసవి నాకు బాగా గుర్తుంది. నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నీ డిగ్రీ అప్లికేషన్ నేను చూశాను. దేవుడి పటం వెనక పెట్టావు. నింపావు కూడా, ఒక్క నాయన సంతకమే తక్కువ. అమ్మ నీ చేతికి బుట్ట ఇచ్చిన రోజు నేను వాకిట్లోనే ఉన్నాను, ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాను. నిన్ను అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే చదువుకుంటానంటావు. అప్పుడు నేను ఆగిపోవాలి. అందుకని అడగలేదు. మర్చిపోయి కాదు రా, తెలిసే అడగలేదు. అప్పటి నుంచి నేల గురించి ఎంత గొప్పగా మాట్లాడానో చూడు. తప్పు చేసినవాళ్ళకు ఉపన్యాసం బాగా వస్తుంది.

సిగ్గుగా ఉంది. ముప్పై ఏడేళ్ళ పాటు పిల్లల చేత నిజం చెప్పించిన టీచర్ని, నా నిజం చెప్పడానికి అరవై రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కావాలి?

కనకాంబరాల కింద ప్లాస్టిక్ కవరులో అగ్రిమెంటు పెట్టాను. నువ్వు ఇంటూ పెట్టిన చోటే సంతకం చేశాను. అమ్ముతావో, ఉంచుతావో నీ ఇష్టం. నువ్వేం చేసినా నేను స్టేటస్ పెట్టను, ఒట్టు.

అక్క


తిరుపతి,
మార్చి 12

అక్కకు,

కాయితం చేరింది. సుందరరాజు దాన్ని పొట్లాలకు పంపిన పాత కాయితమనుకుని చించబోయాడు. లాక్కున్నాను. అప్పటి నుంచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చొక్కా మారిస్తే అదీ మారుతోంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అప్లికేషన్ చూశానన్న చోట కోపం వచ్చింది, అబద్ధమెందుకు. రెండు రోజులు బావతో కూడా మాట్లాడలేదు. ఆయన సంతోషించాడు. మూడోరోజు, అడక్కుండా ఊరుకున్నావని కోపమా, ఇప్పుడు అడిగావని దుఃఖమా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. రెండూ ఉన్నాయి.

నాకేం కావాలని అడిగావు.  నన్నెవరూ ఆ ప్రశ్న అడిగి అలవాటు చేయలేదు కదా. కొంచెం వ్యవధి ఇవ్వు. తోట కొనే ప్లాట్లాయన ఉగాది దాకా ఆగుతానన్నాడు, ఆయనకు నేనే చెప్పుకుంటాను.

నిన్న చేతికర్రతో అలిపిరి మెట్ల దాకా నడిచి వచ్చాను. కొండెక్కే వాళ్ళను చూస్తే నాకూ ఎక్కాలనిపించింది. ఆ ఫిజియోథెరపీ పిల్ల వింటే చంపేస్తుంది.

నీ కుండీలో ఏడు మొగ్గలు వచ్చాయి. పదకొండేళ్ళలో మొదటిసారి. మా బావ పక్క ఫ్లాట్ల వాళ్ళందరినీ పిలిచి, తనే పూయించినట్టు చూపిస్తున్నాడు. రాత్రి ఒకటి విచ్చింది. అమ్మ జడ వాసన వచ్చింది.

తమ్ముడు శేఖర్


నెల్లిమానుపల్లె,
మార్చి 27

ఒరే అబద్ధాలకోరా,

ఉగాది వెళ్ళి వారమైంది. నిన్న పొద్దున నేను తోటలో ఉండగా తెల్లకారు వచ్చి ఆగింది. ప్లాట్లాయన దిగాడు. చెప్పులతోనే సాలులోకి వచ్చి, ఊరంతా వినేటట్టు అందుకున్నాడు. "ఏందమ్మా టీచరమ్మా, నీకిది న్యాయమా? మీ తమ్ముడు కాళ్ళు పట్టుకోని అడిగినా సంతకం పెట్టేదే ల్యా అంటాండావంట! పాపం, నిన్న ఫోన్లో ఏడ్సినంత పని చేసినాడు. మా అక్క మొండిదప్పా, దేముడొచ్చి చెప్పినా ఇనదు, నన్నేం చెయ్యమంటావు అన్నాడు. సదువుకున్న దానివి, తమ్ముడి కష్టం తెలీదా నీకు?"

నా చేతిలో కోతబుట్ట అలాగే ఉండిపోయింది. నా సంతకం నీ చొక్కా జేబులో ఉంది. నేను పెట్టలేదని నువ్వు ఊరికి చాటావు. నీకేం కావాలని నేను అడిగినదానికి, తోట ఉండాలనే జవాబు నాకు రాయకుండా, ఆయనకు ఇలా చెప్పావన్నమాట. అది అర్థం కావడానికి నాకు అరనిమిషం పట్టింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అవి చూసి, తన మాటకు నేను కరిగిపోతున్నాననుకుని ఆయన ఒక అడుగు ముందుకు కూడా వేశాడు.

అప్పుడు నేనేం చేశానో చెప్పనా? బుట్ట కింద పెట్టి, కొంగు దోపుకుని, స్కూల్లో ప్రేయరు గంట కొట్టాక వచ్చిన పిల్లల్ని చూసినట్టు చూశాను. మన యాస వదిలి నలభై ఏళ్ళయింది. ఎక్కడ దాక్కుని ఉందో, అదంతటదే వచ్చేసింది. "పెట్టను. మా తమ్ముడొచ్చి ఈడ పొర్లు దండాలు పెట్టినా పెట్టను. ఈ తోటలో నాకూ బాగముండాది. ముందు ఆ చెప్పులిప్పి సాలులోంచి బయటికి నడు. పోతాపోతా నీ రాళ్ళు నువ్వు తీసుకోని పో" అన్నాను.

నాలుగు రాళ్ళు పీకి కారు డిక్కీలో వేసుకుని పోయాడు. మిగిలిన వాటిలో ఒకదాన్ని రేవతి బట్టలు ఉతకడానికి తీసుకుంది, ఒకటి ఆవును కట్టేయడానికి. తక్కినవి నువ్వొచ్చి పీకు. పాతించినవాడివి నువ్వే. ఇదంతా జరుగుతుంటే నీ భార్య కొట్టం వెనక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఈ కుట్రలో ఆమెకూ వాటా ఉందని నాకు తెలుసు.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. తమ్ముడి నోట్లో మట్టి కొట్టిందని ఒకరు, ఊళ్ళో ఉండని మనిషికి పొలమెందుకని ఇంకొకరు. ఇన్నేళ్ళు మంచి టీచరమ్మ అని తెచ్చుకున్న పేరు ఒక్క పూటలో గంగలో కలిపావు. నీకు నా కృతజ్ఞతలు. వెటకారం కాదు.

ఈ బుట్టలో అడుగున చూడు. ఈ ఏడు తొలి మల్లెలు. నెల ఆలస్యం, నా పుణ్యమే. అరబుట్ట కూడా లేవు. వెలుగు రాకముందే మొగ్గలుగానే కోశాం, సుందరరాజు అంగట్లో సాయంత్రానికి విచ్చుకుంటాయి. ఈసారి గుండు కొట్టించుకున్న వాళ్ళు ఎవరైనా కొంటే, మా తోటవని చెప్పు. పిచ్చివాడనుకుంటే అనుకోనీ.

ఆ కాయితం చించొద్దు. నీ దగ్గరే ఉండనీ. ఏ ఏడైనా విసుగొచ్చి బుట్ట కింద పెట్టాలనిపిస్తే, నన్ను అడగాల్సిన పని లేదు. అడిగే వంతు నాది. ప్రతి జనవరిలోనూ అడుగుతాను, కత్తిరింపుకు వచ్చినప్పుడు. కత్తెర నా చేతికి అలవాటైంది, ఇంకెవరికీ ఇవ్వకు.

అందాకా ఊళ్ళో ఎవరు అడిగినా, సంతకం పెట్టనిది నేనే.

నీ మొండి అక్క,
సుజన